ముచ్చట పెట్టడం, ముచ్చట పడటం

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ‘ముచ్చట’ అన్న మాట చెవిన పడితే, అన్న మనిషి ఏ వైపు వాడో తెలియనిదే అర్థం చెప్పలేం. ఇల్లెందు, కారేపల్లి వైపు వాడైతే ముచ్చటంటే మాట, కబురు, సంగతి. “ఏం ముచ్చట?” అంటే విశేషాలేమిటని. “గా ముచ్చటే లేదు” అంటే ఆ ప్రసక్తే లేదని. అరుగు మీద ఇద్దరు కూచొని ముచ్చట పెట్టుకుంటున్నరంటే పొద్దు గడుస్తున్నదని. అదే మాట మధిర, సత్తుపల్లి మీదుగా పాత కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల గాలి తగిలేచోటికి పోతే రంగు మారుస్తుంది. అక్కడ ముచ్చటంటే మురిపెం, మనసుపడటం. “పిల్లాడు ముచ్చటపడ్డాడు, కొనిపెట్టు.” “ఇల్లు ముచ్చటగా ఉంది.” “ఆ ముచ్చటా తీరింది.” కొత్త దంపతులకు జరిపేవి అచ్చటా ముచ్చటా. మూడోసారి ఏది చేసినా అది ముచ్చటగా మూడోసారే.

రెండర్థాలకూ మధ్య గోడ ఉందనుకోవద్దు. కోస్తావాళ్లు నోటితో ముచ్చట పెట్టకపోయినా, కాగితం మీద ‘ముఖ్యమంత్రి విలేకరులతో ముచ్చటించారు’ అనే రాస్తారు. తెలంగాణలోనూ పిల్లల ముద్దుముచ్చట్లు చూడాలని కోరుకోని అమ్మమ్మ ఉండదు. ఖమ్మంలో మాత్రం రెండూ ఒకే బస్సులో, ఒకే సీటులో కూచుని ప్రయాణం చేస్తుంటాయి. ఆ జిల్లా పుట్టుకే అలాంటిది. 1953లో వరంగల్లు నుంచి విడదీసి ఏర్పరిచారు. నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన భద్రాచలం ప్రాంతం మధ్యపరగణాల్లో కొన్నాళ్లుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారి, 1959లో తూర్పు గోదావరి నుంచి వచ్చి ఖమ్మంలో కలిసింది. 2014లో మళ్లీ గీత గీస్తే భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అక్కడి రాములవారి గుడి దగ్గర బయలుదేరినవాడు ఎటపాక చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది. ఇన్ని చేతులు మారిన నేలలో ఒక మాటకు ఒకే అర్థం మిగలమంటే ఎట్లా మిగులుతుంది?

అర్థం కన్నా క్రియను చూస్తే నాకు ఎక్కువ తెలిసినట్టనిపిస్తుంది. మాట అనే ముచ్చటను మనం ‘పెడతాం’. పెట్టడానికి ఎదుట ఒకరుండాలి. అన్నం పెట్టినా, దండం పెట్టినా, తగువు పెట్టినా అంతే. కోరిక అనే ముచ్చట మనం ‘పడతాం’. పడటానికి ఇంకొకరు అక్కర్లేదు. భయపడతాం, సిగ్గుపడతాం, ముచ్చటపడతాం. అది మనకు జరిగేది. ఇక ముగింపు. కోరిక ముచ్చట ‘తీరుతుంది’. మాట ముచ్చట తెలంగాణ నోట ‘ఒడుస్తది’, అంటే అయిపోతుంది. ఒడవకపోతే అదొక గొప్ప. ప్రొఫెసర్ జయశంకర్ తన జీవితాన్నీ తెలంగాణ కథనూ చెప్పుకున్న పుస్తకానికి ‘వొడువని ముచ్చట’ అనే పేరు అందుకే అంత బాగా అతికింది.

పదకొండేళ్ల పిల్లవాడి ముచ్చట ఒడవకపోతే మాత్రం మనం దాన్ని గొప్ప అనం. డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం. తప్పేం లేదు, తీసుకుపోవాలి కూడా. అయితే అక్కడి పుస్తకాల్లో ఈ రెండు ముచ్చట్లనూ రెండు వేర్వేరు గదుల్లో పెట్టారు. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో తెచ్చిన అయిదో నిర్ధారణ గ్రంథం ఆటిజాన్ని రెండు పద్దుల కింద చూస్తుంది. మొదటి పద్దులో పదిమందితో కలవడం, సంభాషణ ఇచ్చిపుచ్చుకోవడం, చూపు, సైగ. రెండో పద్దులో చేసిందే చేయడం, మార్పు తట్టుకోలేకపోవడం, తీవ్రతలోనో గురిలోనో మామూలు హద్దు దాటిన ఆసక్తులు. మాట ఒకచోట, మక్కువ ఒకచోట. 1943లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన మొదటి వ్యాసం చదివితే ఇవి ఇంత విడిగా కనిపించవు. ఆ పిల్లలకు మనుషులతో మాట కలవదు, వస్తువుల మీద చూపు మాత్రం తిప్పుకోరు. కానర్ ఆ రెండింటినీ ఒకే ఊపిరిలో వర్ణించుకుపోతాడు. మరుసటేడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ తాను చూసిన పిల్లల్ని చిన్న ప్రొఫెసర్లన్నాడు. తమకు నచ్చిన విషయమైతే వాళ్లు పాఠం చెప్పినట్టు చెబుతారట. (నాజీల కాలంలో ఆయన పాత్ర గురించి తర్వాత బయటపడిన సంగతులు చదివాక ఆ ముద్దుపేరు నాకు అంత ముద్దుగా వినిపించదు.)

మన దగ్గరి కొలబద్దా అంతే. సికింద్రాబాదులోని అప్పటి జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో తయారైన భారతీయ ఆటిజం మదింపు పట్టికలో 40 అంశాలుంటాయి. ఒక్కొక్కదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. మొత్తం పెరిగేకొద్దీ ఆటిజం తీవ్రత పెరిగినట్టు. సంభాషణ మొదలుపెట్టలేకపోవడం, కొనసాగించలేకపోవడం అందులో ఒక అంశం. చివరిదాకా పోతే ఇంకొకటి తగులుతుంది: ఏదో ఒక విషయంలో అసాధారణమైన జ్ఞాపకశక్తి. బడిలో అయితే దానికి బహుమతిస్తారు. ఇక్కడ అదీ లోటు లెక్కలోనే కూడుకుంటుంది. గుర్తింపుకు, ధ్రువపత్రానికి ఇలాంటి కొలత అవసరమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టే ధ్రువపత్రాల శిబిరానికి పిల్లవాణ్ణి తీసుకుపోయిన తల్లికి ఒక కాగితమైనా దొరుకుతుంది. నా గొడవ కొలతతో కాదు, రెండు గదుల మధ్య తలుపు లేకపోవడంతో.

ఒక పిల్లవాణ్ణి ఊహించుకుందాం. భద్రాచలంలో కరకట్ట దగ్గర ఇల్లు. వాడికి గోదావరి నీటిమట్టాలంటే ప్రాణం. మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగుల దగ్గర, రెండోది 48, మూడోది 53. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకొచ్చింది. 1990లో 70.8. 2022 జూలైలో 71.3. పిల్లవాడు ఊహే గాని ఈ అంకెలు నిజం, ఊరంతా ఎరిగినవి. ఇంటికి పెదనాన్న వచ్చి, “ఏంరా, మంచిగున్నవా? ఏం చదువుతున్నవ్?” అంటాడు. వాడు ఆయన మొహం వంక చూడకుండా, “పెదనాన్నా, ఎనభై ఆరుల గోదారి డెబ్బై అయిదు పాయింట్ ఆరు వచ్చింది. అప్పుడు నువ్వు ఏడున్నవ్?” అంటాడు. పెదనాన్న వాళ్లమ్మ వైపు తిరిగి, “ఏందమ్మా, అడిగినదానికి చెప్పడేంది వీడు?” అంటాడు.

వాడు అడిగిన ప్రశ్న మాత్రం మామూలుది కాదు. 1986 వరదప్పుడు నువ్వు ఎక్కడున్నావని అడిగితే భద్రాచలంలో ఏ పెద్దమనిషి దగ్గరైనా పొద్దుగూకేదాకా సరిపడే కథ ఉంటుంది. ఏ డాబా ఎక్కారు, ఎవరి గొడ్లు కొట్టుకుపోయాయి, నీళ్లు ఎన్నో రోజున తీశాయి. పిల్లవాడు ముచ్చటపడ్డదాన్నే ముచ్చట పెట్టాడు. పెదనాన్నకు వినిపించింది అంకె ఒక్కటే, దాని వెనక వచ్చిన ప్రశ్న వినపడలేదు. కోస్తా అర్థం తెలంగాణ అర్థంలోకి తలుపు తీసుకొని వస్తే, ఆయన ఆ తలుపు దగ్గర నిలబడి “అడిగినదానికి చెప్పడేంది” అన్నాడు.

ఇదంతా తియ్యగా చెప్పి వదిలేస్తే ఆ తల్లికి అన్యాయం చేసినట్టవుతుంది. వాడు ఆ అంకెలే అర్ధరాత్రి లేపి చెబుతాడు. చావింట్లో చెబుతాడు. లెక్కల పరీక్షలో జవాబు స్థానంలో రాసివస్తాడు. ఎదుటివాళ్లు విసుగొచ్చి అటు తిరిగితే ఆ తిరగడం వాడికి ఏమీ చెప్పదు. ఆవలింత కూడా అంతే. వర్షాకాలంలో హెచ్చరిక ఎగరేసిన వారం రోజులు వాడికి ఊళ్లో గిరాకీ, “ఎంతున్నదిరా ఇప్పుడు?” అని దారినపోయేవాళ్లు కూడా ఆగి అడుగుతారు. అక్టోబరు వస్తే మళ్లీ “ఆపరా నీ గోదారి గోల.” పిల్లవాడిలో ఏమీ మారలేదు, నది మట్టమే మారింది. గోల ఎప్పుడు సమాచారమవుతుందో, సమాచారం ఎప్పుడు గోలవుతుందో వాడికెవరూ చెప్పరు. చెప్పడానికి మనకూ సూత్రమేదీ తెలియదు. ఎట్లాగో పసిగడతాం, అంతే.

ఈ రెండూ ఒకటే ఊటలోంచి వస్తున్నాయా అని అడిగినవాళ్లు లేకపోలేదు. డైనా ముర్రే, మైక్ లెసర్, వెన్ లాసన్ 2005లో రాసిన వ్యాసం చెప్పిందదే. మనసులో ఒకేసారి ఎన్ని విషయాలకు ధ్యాస పారుతుందన్నది మనిషి మనిషికీ వేరు. కొందరికది పది పాయలుగా పలచగా పారుతుంది. ఆటిజం ఉన్నవాళ్లకు ఒకటి రెండు పాయల్లోనే పారుతుంది, పాపికొండల దగ్గర గోదావరిలా. అక్కడ నది ఇరుకు, కానీ లోతు ఎక్కువ. సంభాషణ అనేది చూస్తే పది పాయల వ్యవహారం: విషయం, వంతు, గొంతు, కనుబొమ్మ, ఆ పక్కన ఎవరున్నారు, అన్నదానికీ అనుకున్నదానికీ తేడా ఎంత. ఇన్నింటికి ధ్యాస చాలక తడబడటమూ, ఒక్కదాని మీద ధ్యాస అంత లోతుగా ఉండటమూ రెండు జబ్బులు కానవసరం లేదు. సిద్ధాంతం మీద వాదాలున్నాయి. నాకైతే నిర్ధారణ గ్రంథం కట్టిన గోడకన్నా ఇదే నమ్మబుద్ధేస్తుంది.

ధ్యాస అన్నాను. ఈ మాటల సంగతీ కాస్త చూడాలి. ఒకే విషయంలో మనసు దిగిపోవడానికి తెలుగులో మాటలకు కరువు లేదు: ధ్యాస, యావ, పిచ్చి, లోకం. “వాడి లోకం వాడిదే” అని పక్కింటివాళ్లు అంటారు. ఇన్ని మాటల్లో ఏదీ ఆ దిగిపోవడం ఎంత లోతో కొలవదు. దేనిలో దిగాడన్నదే చూస్తుంది. రాముడైతే ధ్యాస, డబ్బైతే యావ, బస్సు నంబర్లయితే పిచ్చి. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి, వసూలైన సొమ్ము పెట్టి భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నాడని చెప్పుకుంటాం. ఆయన కీర్తనల నిండా ఒకే ఒక్క విషయం. చచ్చిపోయినవాళ్లకు రోగ నిర్ధారణ చేసే ఆట నాకు నచ్చదు. గోపన్నకు ఏ పేరూ పెట్టబోవడం లేదు. చెప్పదలచింది లోకం గురించి. దిగిపోయినది గౌరవమైన విషయమైతే అదే లోకం గుడి కట్టినవాణ్ణి రామదాసంటుంది. భద్రాచలం రోడ్ స్టేషన్ భద్రాచలంలో లేదు, నలభై కిలోమీటర్లవతల కొత్తగూడెంలో ఉంది అని రోజుకు పదిసార్లు సరిదిద్దే పిల్లవాణ్ణి నోరు మూసుకోమంటుంది. వాడు చెప్పినదాంట్లో తప్పు ఒక్కటీ లేదు.

హిందీలో ఆటిజానికి ‘స్వలీనత’ అని కూడా వాడుతున్నారు. మనవాళ్లూ అక్కడక్కడా దాన్ని దించుకున్నారు. 1911లో మనోవైద్యుడు బ్లాయిలర్ గ్రీకులో ‘తాను’ అనే మాట తీసుకొని ఈ పేరు కట్టాడు కాబట్టి అనువాదంగా అది ఒప్పే. కానీ గోదావరి అడుగుల్లో మునిగినవాడు తనలో లీనం కాలేదు, నదిలో అయ్యాడు. పాటలో లీనమయ్యాడంటే మెచ్చుకొనే భాష, పక్కన ‘స్వ’ చేర్చి ఆ మెచ్చుకోలును లాగేసుకుంది. ఊళ్లలో జనం ఎట్లాగూ ‘ఆటిజం’ అనే అంటున్నారు. అదే ఉండనిద్దాం.

ఇక మాటల వైపు. “ఎటు పోతున్నవ్?” అని మా వైపు ఎదురుపడినవాణ్ణి అడుగుతారు. అది ప్రశ్న కాదు. “తిన్నవా?” అన్నదీ ప్రశ్న కాదు. “ఇట్లనే” అంటే మొదటిదానికి జవాబైపోయింది. ‘మాటవరసకి’ అనే మాట ఒకటి మనకుంది చూడండి, ఆ వరస పుట్టుకతో వచ్చినట్టు పట్టుబడేవాళ్లకు అదొక పాఠమని తోచదు. పట్టుబడనివాళ్లకు “ఎటు పోతున్నవ్” అంటే ఎటు పోతున్నారో చెప్పాలి, ఏ దారిన, ఎందుకు, ఎన్నింటికి తిరిగొస్తారో కూడా. లేకపోతే ఏం చెప్పాలో తోచక మౌనం. అడిగినవాడు ఆ రెంటిలో ఏదొచ్చినా బిత్తరపోతాడు.

వినేవాడి పని కూడా మనం ఊరికే వదల్లేదు. దానికి ఊకొట్టడమని పేరు. కథ చెప్పే అమ్మమ్మ రెండు వాక్యాలకోసారి ఆగుతుంది, ఊ వినబడితే ముందుకు పోతుంది, వినబడకపోతే పిల్ల నిద్రపోయిందనుకుంటుంది. ఆటిజం ఉన్న చాలామంది వినేటప్పుడు ఊకొట్టరు, మొహం వంక చూడరు. చూస్తూ వినడం కష్టమని, చూపు పక్కకు తిప్పితేనే మాట చెవికెక్కుతుందని పెద్దయ్యాక తమ గురించి తాము చెప్పుకున్నవాళ్లున్నారు. మనకు ఊ వినబడలేదు కాబట్టి వాళ్లు వినలేదని తేల్చేస్తాం. మర్నాడు మనం అన్నమాట అక్షరం పొల్లుపోకుండా వాళ్ల నోట వచ్చినప్పుడు ఆశ్చర్యపోతాం.

తాను కూడా ఆటిజం ఉన్నవాడే అయిన డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 2012లో దీన్ని తిరగేశాడు. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంది గదా, లోటును ఒక్క వైపే ఎందుకు రాస్తున్నారన్నది ఆయన ప్రశ్న. 2020లో కేథరిన్ క్రాంప్టన్, ఆమె సహచరులు కలిసి ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోయారు. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ ఎంత నిలిచిందో, ఆటిజం లేనివాళ్ల వరసలోనూ అంతే నిలిచింది. అంటే వాళ్లకు ముచ్చట పెట్టడం రాదన్న మాట నిలవదు. మిల్టన్ మాటను మన పిల్లవాడికి అన్వయిస్తే, వాడికి పెదనాన్నతో పెట్టడం రాదు. పెదనాన్నకూ వాడితో పెట్టడం రాదు, ఆయనకు ఆ విషయంలో మార్కులేసే పట్టిక లేదు గనక బయటపడ్డాడు.

ఇట్లా చెప్పుకుంటూ పోతే ఒక తప్పుడు ఉపాయం కూడా తలకెక్కుతుంది. వాడికి గోదావరి ఇష్టం కదా, అయితే రెండు ముక్కలు మామూలుగా మాట్లాడితే రెండు నిమిషాలు గోదావరి అని బేరం పెడదాం. చాలాచోట్ల పెడుతున్నారు. ముచ్చటను జీతంగా ఇవ్వడమన్నమాట. పిల్లవాడికి మాట అంటే కూలిపని అని నేర్పడానికి ఇంతకు మించిన దారి లేదు. గోదావరి గురించే మాట్లాడుతూ అందులో వంతు నేర్పవచ్చు: నువ్వు 1986 చెప్పు, నేను 2022 చెబుతాను, అమ్మ తన అమ్మమ్మ చెప్పిన పాత వరద చెబుతుంది. మూడు వంతులయ్యాయి. వాడికి తెలియని అంకె ఒకటి అమ్మ దగ్గరుందని తెలిస్తే వాడే ఆగి వింటాడు, బహుశా ఊ కూడా కొడతాడు.

అసలు నోటిమాటే రాని పిల్లలున్నారు. వాళ్లు కావలసినదాని దగ్గరికి మన చెయ్యి పట్టుకొని లాక్కుపోతారు. నిపుణులు దీన్ని కూడా లక్షణాల్లో రాసుకుంటారు. వేలితో చూపడానికి బదులు మనిషి చేతిని పనిముట్టులా వాడటమని. ముచ్చటపడ్డాడన్నది స్పష్టమే. ముచ్చట పెట్టాడా? పెట్టడానికి ఎదుట ఒకరుండాలని మొదట అన్నాను. చెయ్యి పట్టుకున్నాడంటే ఎదుట ఒకరున్నారని తెలిసే పట్టుకున్నాడు. నేనైతే ఆ క్రియ వాడికీ ఇస్తాను. బొమ్మల కార్డులు చూపించో, ఫోను తెర మీద బొమ్మ నొక్కో చెప్పేవాళ్లకూ ఇస్తాను.

అడవి అంచుకు పోతే చిక్కు ఇంకో మెలిక పడుతుంది. చర్ల, దుమ్ముగూడెం దాటి ఛత్తీస్‌గఢ్ హద్దు దాకా, ఇటు చింతూరు, కూనవరం పల్లెల్లోనూ ఇంట్లో కోయభాష ఉంటుంది. బడిలో తెలుగు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో మొదటి ఏడాదంతా నోరు తెరవకపోవచ్చు. ఆ మౌనం ఆటిజం కాదు, భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలుపెట్టిన బహుభాషా విద్య కార్యక్రమంలో కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపిలో వాచకాలు వేసింది ఈ మౌనాన్ని ఎరిగే. తిరగేసి చూసినా ప్రమాదమే. ఇంట్లో కోయలోనూ మాట కలపని పిల్లను పట్టుకొని “ఏజెన్సీ పిల్లలంతే, సిగ్గెక్కువ” అని వదిలేస్తే ఆ పిల్లకు అందాల్సింది ఏ శిబిరంలోనూ అందదు. రెండు మౌనాలూ బయటికి ఒకేలా ఉంటాయి. విడదీయడానికి తల్లిని అడగాల్సినవి రెండే: ఈ పిల్ల ఇంట్లో ఎవరితో, ఏ భాషలో ముచ్చట పెడుతుంది? దేనిమీద ముచ్చటపడుతుంది? రెండో ప్రశ్న పట్టికల్లో తేలిగ్గా దొరకదు. విప్పపూల మీదనా, కోడిపుంజుల మీదనా, వాగులో రాళ్ల మీదనా, ఎంతసేపు, అప్పుడు పక్కనున్నవాళ్లను ఆ పిల్ల లాగి చూపిస్తుందా లేదా అన్నది ఆ తల్లికి వివరంగా తెలుసు. ఆ ప్రశ్నను కోయలో అడగగలిగిన మనిషి ఒకరు బల్లకు అవతల కూచుంటేనే ఆమెకు తెలిసినది కాగితం మీదికి వస్తుంది.